బల్ల మీద చెయ్యి

బల్ల మీద అరచెయ్యి ఆనించమన్నది డాక్టర్ జువైనా.
ఆనించిన.
చీమల బారు తలవంచకుండ పోయేంత సందు.
ఆమె ఒక పెన్ను దొర్లించింది,
ఇటు నుంచి అటు, ఎక్కడా ఆగలే.
"ఎన్నేండ్ల నుంచి?"
లెక్క చెప్పలేకపోయిన.

రువిలో పంతొమ్మిదేండ్లు కత్తెర పట్టిన.
కన్నంల దూరేది ఉంగరపు వేలు,
కొక్కెం మీద ఒదిగేది చిటికెన వేలు.
ఆ రెండే వంగినయ్.
కొత్త చెప్పు కాలును కరిచినట్టు
పాత కత్తెర చేతిని కరిచిందనుకున్న.
మొహం కడుక్కుంటే వేలు కంట్ల పొడిచింది.
జేబుల పెట్టిన చెయ్యి బయటికి రాననె.
గీకిన గడ్డం మీద కొలోన్ చరిస్తే
సగం అరచెయ్యే తాకేది.
ఈద్ ముందటి రాత్రి, కుర్చీలన్నీ నిండి ఉన్నప్పుడు
సలాలా ముసలాయన ఒకడు
"అయితే సగం పైసలే ఇస్త" అని నవ్విండు.

పని వల్ల కాదట.
చర్మం కింద తాడు పేనుకుంటదట, దాని ఇష్టం.
"మీ ఇంట్ల ఎవరికన్న ఉన్నదా?"
అప్పుడు యాదికొచ్చిండు తాత ఈదయ్య.
పెండ్లిండ్లల్ల సన్నాయి ఊదేటోడు.
చివరి తొర్ర మీదికి చిటికెన వేలు చేరక
కింది స్వరం ఎప్పుడూ గాలైపోయేది.
తాగి ఊదిండనేటోళ్ళు.
తాగేటోడే.
కాని ఆ తప్పు కల్లుది కాదు.

ముందటి రోజు గోర్లు తీసుకున్న, ఎడమ చేత్తోని, వంకరటింకర.
వంగిన కణుపు దాటి ఉంగరం రాలే.
సబ్బు అయింది, నూనె అయింది,
ఆఖరికి దారం చుట్టి రఫీకుల్ లాగిండు,
ఇద్దరం వెనక్కి పడ్డం.

పొద్దున నీలం పెన్నుతో ఆమె
నా అరచేతిల మెరుపు గీతలు గీసింది,
ఆయుష్షు రేఖకు అడ్డంబడి.
చేతిగీతలు చూసేటోళ్ళను శాన మందిని చూసిన,
గీసేటోళ్ళను ఇప్పుడే.

చంకల సూది. చెయ్యి నాది కాకుండ పోయింది.
పచ్చ గుడ్డ అవతల ఎవరిదో చెయ్యి, ఎవరో కోస్తున్నరు.
నేను సీలింగు పలకలు లెక్కపెట్టిన, ముప్పై నాలుగు.
అప్పుడు కత్తెర చప్పుడు ఇనబడ్డది.
చిన్న కత్తెర.
మంచిగ సానపట్టింది.
అది మాత్రం నేను చప్పుడుతోనే చెప్త.

రెండు వారాలు చెయ్యి గుండె కంటె ఎత్తుల.
పై మంచం ఇనుప కడ్డీకి తువ్వాల కట్టి వేలాడదీసిన.
నడిరాత్రి మెలకువొస్తే
ఎవరినో ఆగమంటున్నట్టు ఉన్నది ఆ చెయ్యి.
గదిల ఎవరూ ఆగలే,
నాలుగింటికి లేచి బూట్లేసుకొని పోయిండ్రు.
స్నానానికి ఖుబుజ్ సంచి ముంజేతికి కట్టుకునేటోన్ని,
ఉక్కపోతకు దాని లోపల కూడ వాన పడేది.

నా గడ్డం ఎన్నడూ నేనే గీసుకునేటోన్ని.
ఇప్పుడు రఫీకుల్ గీసిండు, నా కుర్చీలనే కూసోబెట్టి.
గొంతు మీద కత్తి ఆడుతుంటే
ఉమ్మి మింగకుండ ఉండుడు ఇంత కష్టమని
ఇన్నేండ్లల్ల ఒక్క గిరాకీ చెప్పలే.

కుట్లు తీసినంక అసలు పని.
చాచటానికి కోయించుకున్న వేలికి
ఇప్పుడు వంగుడు నేర్పాలె.
మెత్తని ముద్ద పిసుకుడు, మచ్చ మీద కొబ్బరినూనె,
పండుకునే ముందు ప్లాస్టిక్ పట్టీ.
చిటికెన వేలు పక్కన తిమ్మిరి.
పోవచ్చు అన్నది డాక్టరమ్మ.
తాడు మళ్ళ రావచ్చు అని కూడ అన్నది,
రెండూ ఒక్క గొంతుతోనే.

ఇప్పుడు బల్ల మీద ఆనిస్తే పెన్ను దొర్లదు.
కాగితం దూరుతది.

శుక్రవారం ఫోన్ల వర్షిత్ కనబడ్డడు,
మీసం మొలకేస్తున్నది, ఎవడో తప్పు దువ్వెన పెట్టిండు.
"చెయ్యి బల్ల మీద పెట్టురా" అన్న.
పెట్టిండు, ఫోను వంచి చూపెట్టిండు.
వెలుతురు దూరే సందు కూడ లేదు.
"ఎందుకు నాయినా?"
"ఊకెనే.
ఇంకో చెయ్యి."